నడుము నొప్పికి మంచమా, నడకా?

క్లుప్తంగా: మామూలు నడుము నొప్పికి మంచం పట్టడం వల్ల మేలు లేదని, ఓపిక ఉన్నంతలో రోజువారీ పనులు చేసుకుంటూ ఉంటే త్వరగా తేరుకుంటారని నలభై ఏళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. తగ్గిన నొప్పి తిరగబెట్టకుండా చూసేది నడక, వ్యాయామం. బెల్టులతో ఆ పని జరగడం లేదు. అయితే పొలంలో రోజంతా వంగి చేసే చాకిరీ, సాయంత్రం అరగంట నడక వెన్నుకు ఒకటి కావు. కొన్ని రకాల నొప్పులకైతే ఈ సలహా అసలే వర్తించదు.

పెద్ద కవర్లో ఎమ్మారై ఫిల్ములు, దానికి పిన్ను కొట్టిన రెండు పేజీల రిపోర్టు. అందులో ‘ఎల్4–ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’, అంటే నడుములో నాలుగు, ఐదో పూసల మధ్య మెత్త ఉబ్బిందన్న ముక్క కింద పెన్నుతో గీత. ఆ కాగితం ఇంటికి వచ్చాక తలో మాట మొదలవుతుంది. చెక్క బల్ల మీద పడుకోమని పెద్దవాళ్లు, బెల్టు కట్టుకోమని పక్కింటివాళ్లు, డిస్క్ జారింది కాబట్టి అసలు కదలొద్దని ఇంకొకరు. డాక్టర్ మాత్రం రేపటి నుంచి కాస్త నడవమంటాడు. ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట ఇదే నొప్పికి ఇంట్లో ఇంకొకరిని మూడు వారాలు మంచం దిగొద్దని చెప్పి పంపిన సంగతి అందరికీ గుర్తే. మరి ఏది నిజం?

ప్రశ్న చిన్నదేం కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంచనా. ప్రాణం తీయకపోయినా మనిషిని పనికి దూరం చేయడంలో దీన్ని మించిన జబ్బు లేదు. దీర్ఘకాలిక నడుము నొప్పి చికిత్సపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో వ్యాయామం, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడం, మానసిక తోడ్పాటు వంటివి ఉన్నాయి. వద్దన్న జాబితాలో నడుము బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ ఉన్నాయి. మన దగ్గర వీధి చివరి క్లినిక్‌లో మొదట దొరికేవి ఈ రెండే.

మంచం సలహా ఎక్కడిది?

వైద్యంలో విశ్రాంతికి పెద్దపీట పడింది 19వ శతాబ్దంలో. నొప్పి అంటే శరీరం విశ్రాంతి అడుగుతున్నట్టేనని లండన్ సర్జన్ జాన్ హిల్టన్ 1860ల్లో తన ఉపన్యాసాల్లో వాదించాడు. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ విరిగిన ఎముకలకు, క్షయ పట్టిన కీళ్లకు నెలల తరబడి కదలని విశ్రాంతి ఇచ్చేవాడు. క్షయకు మందులే లేని రోజులవి కాబట్టి అందులో తప్పు పట్టడానికీ లేదు. చిక్కల్లా ఆ సలహా విరిగిన ఎముక దగ్గర ఆగకుండా మామూలు నడుము నొప్పి దాకా పాకడంలో ఉంది.

1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ ఒక ముఖ్యమైన విషయం బయటపెట్టారు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ చిట్లి, లోపలి పదార్థం బయటికి వచ్చి నరాన్ని నొక్కితే కాలు లాగుతుందని చూపించారు. అక్కడి నుంచి ఏ నడుము నొప్పి వచ్చినా అనుమానం డిస్క్ మీదికే వెళ్లింది. 1960ల్లో స్వీడన్‌లో నాకెమ్సన్ బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. పడుకుంటే అతి తక్కువ, నిలబడితే ఎక్కువ, వంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ అని తేలింది. ఇంకేం, పడుకుంటే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే డిస్క్ మానుతుంది అన్న తర్కం బలపడింది. కూర్చుంటే ఒత్తిడి మరీ పెరుగుతుందన్న మాటను 1999లో జర్మనీలో జరిగిన కొలతలు సమర్థించలేదు కానీ, అప్పటికే ఆ బొమ్మ ప్రతి పాఠ్యపుస్తకంలోకీ ఎక్కేసింది.

తెలుగులో విశ్రాంతి తీసుకోవడాన్ని ‘నడుం వాల్చడం’ అంటాం, పనికి పూనుకుంటే ‘నడుం బిగించడం’ అంటాం. నడుముకి మంచమే మందన్న నమ్మకం మన దగ్గర అంత తేలిగ్గా కుదురుకోవడంలో ఈ మాటలకూ కొంత వాటా ఉండవచ్చు.

పరీక్షకు నిలవని తర్కం

మంచం మీద ఉంటే నిజంగా త్వరగా తగ్గుతుందా అని మనుషులను గుంపులుగా విడదీసి చూసిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి 1986లో వెలువడింది. అమెరికాలో రిచర్డ్ డెయో బృందం 203 మంది రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం మీద విశ్రాంతి రాసిచ్చింది. నొప్పి తగ్గడంలో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. తేడా పనిలో కనబడింది. రెండు రోజుల గుంపు పోగొట్టుకున్న పనిదినాలు 45 శాతం తక్కువ.

1995 నాటి ఫిన్లాండ్ పరీక్ష ఇంకో అడుగు ముందుకు వేసింది. హెల్సింకి నగరపాలక సంస్థ ఉద్యోగులు 186 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి రెండు రోజుల మంచం, ఇంకో భాగానికి నడుము వ్యాయామాలు, మూడో భాగానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు రోజూ చేసే పనులు చేసుకోమన్నారు. అందరికన్నా ముందు తేరుకున్నది ఈ మూడో భాగం. మంచం పట్టినవాళ్లు అందరికన్నా వెనకపడ్డారు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. నొప్పి కొత్తగా పట్టుకున్న రోజుల్లో వ్యాయామాలు కూడా మామూలు పనులను మించలేదు. యూట్యూబ్‌లో ‘రెండు నిమిషాల్లో నడుము నొప్పి మాయం’ వీడియో చూసి, పట్టేసిన నడుముతో మర్నాడే కోబ్రా భంగిమ మొదలుపెట్టేవాళ్లు ఈ ఫలితం గుర్తుంచుకోవాలి.

కాలు లాగే నొప్పి, అంటే సయాటికా సంగతి కొంచెం వేరు. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మందిపై జరిగిన పరీక్షలో రెండు వారాలు మంచం మీద ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ సమానంగా కోలుకున్నారు. పన్నెండు వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మందికి మెరుగైంది. అంటే సయాటికాలో మంచం పెద్దగా చెడు చేయలేదు, మంచీ చేయలేదు. కాలు జివ్వున లాగుతుంటే ఒక పూట పడుకున్నందుకు ఎవరూ భయపడనక్కర్లేదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1997లో ఈ సంగతిని టీవీ ప్రకటనలుగా మార్చింది. నడుము నొప్పి వస్తే పడుకోవద్దని, పని మానొద్దని ప్రచారం చేసింది. అలాంటి ప్రచారం లేని పొరుగు రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌తో పోల్చి చూస్తే విక్టోరియాలో జనం నమ్మకాలూ, డాక్టర్ల అలవాట్లూ మారాయి, నడుము నొప్పి పరిహారం దరఖాస్తులూ తగ్గాయి.

వెన్ను లోపల జరిగేది

కదలిక ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే ముందు డిస్క్‌కు తిండి ఎలా అందుతుందో చూడాలి. పెద్దవాళ్ల డిస్క్ లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న ఎముకల అంచుల నుంచి పోషకాలు మెల్లగా ఊరుతూ లోపలికి చేరాలి. పగలు నిలబడి, నడిచి, బరువు మోసినప్పుడు డిస్క్ నుంచి కొంత నీరు పిండినట్టు బయటికి పోతుంది. రాత్రి పడుకున్నప్పుడు తిరిగి పీల్చుకుంటుంది. అందుకే మనిషి సాయంత్రం కన్నా పొద్దున సెంటీమీటరు పైగా పొడవుంటాడు. పగటి ఒత్తిడి, రాత్రి ఊరట రెండూ కావాలి. రోజులకు రోజులు పడుకుంటే ఆ వంతు తప్పుతుంది.

ఇదే లెక్క వల్ల తెల్లవారగానే డిస్క్ ఉబ్బి, బిగువుగా ఉంటుంది. ఆ వేళ వంగితే దాని మీద పడే ఒత్తిడి మధ్యాహ్నం కన్నా ఎక్కువ. మంచం దిగీ దిగగానే వంగి వాకిలి ఊడవడం, కుళాయి దగ్గర నిండు బిందె ఎత్తడం పాత నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఎందుకు కలుక్కుమంటుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. లేచాక అరగంటో గంటో అటూ ఇటూ తిరిగి, తర్వాత వంగే పనులు పెట్టుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది.

రెండోది కండరం. వెన్నుపూసలను అంటిపెట్టుకుని, ఒక్కో పూసను నిలబెట్టే చిన్న కండరాలు ఉంటాయి. నొప్పి వచ్చిన పక్క అవి త్వరగా సన్నబడతాయని, నొప్పి తగ్గినా వాటంతట అవి పూర్వస్థితికి రాకపోవచ్చని స్కానింగ్ పరీక్షల్లో చూశారు. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులను పరిశోధన కోసం వారాల తరబడి పడుకోబెట్టినా ఇవే కండరాలు తరిగాయి. కాబట్టి మంచం మీద గడిపిన నెల నొప్పికి విరామంలా కనిపిస్తుంది కానీ, లేచే నాటికి నడుము పడుకున్నప్పటి కన్నా బలహీనంగా ఉంటుంది.

మూడోది భయం. దీన్ని కొట్టిపారేయడం సులువు, కానీ నొప్పి మూడు నెలలు దాటి ముదరడంలో దీని పాత్ర పెద్దది. నొప్పి వేస్తే లోపల ఏదో తెగుతోందనుకుని మనిషి వంగడం మానేస్తాడు. తర్వాత మెట్లు ఎక్కడం, బండి నడపడం, పెళ్లిళ్లకు వెళ్లడం. వాడకపోయేసరికి కండరం తగ్గుతుంది, చిన్న కదలికకే నొప్పి వేస్తుంది, అదే భయానికి సాక్ష్యమవుతుంది. నరాల వ్యవస్థ కూడా మామూలు స్పర్శనే ప్రమాదంగా చదవడం మొదలుపెడుతుంది. నడకతో ఈ చక్రానికి అడ్డు పడుతుంది. వంగినా ఏమీ కాలేదన్న అనుభవం డాక్టర్ ఎన్నిసార్లు చెప్పినా రాదు, వంగి చూస్తేనే వస్తుంది.

స్కాన్ చూపించే డిస్క్

గీత పెట్టిన ఆ రిపోర్టు దగ్గరికి మళ్లీ వస్తే, బల్జ్ అన్న మాట చాలామందిని నొప్పి కన్నా ఎక్కువ భయపెడుతుంది. 2015లో వచ్చిన ఒక విశ్లేషణ నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి చూసింది. ఇరవైల్లో ఉన్నవారిలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. ఎనభై ఏళ్ల వారిలో 84 శాతానికి. డిస్క్ అరుగుదల ఇరవై ఏళ్ల వారిలో 37 శాతం, ఎనభై ఏళ్ల వారిలో 96 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే డిస్కూ నెరుస్తుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. బల్జ్ వల్ల ఎప్పుడూ నొప్పి రాదని కాదు, రిపోర్టులో ఆ మాట కనబడినంత మాత్రాన నొప్పికి కారణం దొరికినట్టు కాదు. బాగా బయటికి పొడుచుకొచ్చిన డిస్క్ ముక్కల్లో చాలావాటిని శరీరమే నెలల్లో కరిగించేసుకుంటుంది కూడా.

దాదాపు 90 శాతం నడుము నొప్పులకు ఫలానా ఎముక, ఫలానా డిస్క్ అని వేలు పెట్టి చూపగల కారణం ఉండదు. ‘అరిగింది’, ‘గ్యాప్ వచ్చింది’ అన్న మాటలు క్లినిక్‌లో అలవాటుగా దొర్లుతాయి. విన్న మనిషి మాత్రం తన వెన్ను ఇక విరగబోతోందనుకుని కదలిక తగ్గించుకుంటాడు.

తిరగబెట్టకుండా

నడుము నొప్పిలో అసలు తలనొప్పి మొదటిసారి రావడం కాదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కోలుకున్న పదిమందిలో సుమారు ఏడుగురికి ఏడాదిలోపు మళ్లీ వస్తుంది. ఈ తిరగబెట్టడం మీద ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయం చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. అప్పుడే కోలుకున్న 701 మందిలో ఒక భాగానికి ఫిజియోథెరపిస్టు సాయంతో నడక అలవాటు చేశారు. మెల్లగా పెంచుకుంటూ ఆరు నెలలకు వారంలో ఐదుసార్లు, అరగంట చొప్పున నడవడం లక్ష్యం. రెండో భాగానికి ప్రత్యేకంగా ఏమీ ఇవ్వలేదు. నడవనివారిలో మధ్యస్థంగా 112 రోజులకు నొప్పి తిరిగొచ్చింది, నడిచినవారిలో 208 రోజులకు. నడిచినా చాలామందికి నొప్పి వచ్చింది, దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ మధ్యలో దొరికిన ఆ మూడు నెలల పైచిలుకు సమయానికి పెట్టిన ఖర్చు, ఫిజియోథెరపిస్టు సాయం పక్కన పెడితే, ఒక జత బూట్లు.

మిగతా పద్ధతులతో పోలిస్తే? 2016లో 21 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలో వ్యాయామం, అవగాహన కలిపి ఇచ్చినప్పుడు నొప్పి వచ్చే ముప్పు 45 శాతం తగ్గింది. బెల్టులు, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు పనిచేసినట్టు కనబడలేదు. మందుల్లో, కొత్తగా వచ్చిన నొప్పికి పారాసెటమాల్ ఉత్తుత్తి మాత్ర కన్నా త్వరగా తగ్గించలేదని 2014లో ఆస్ట్రేలియాలోనే 1,600 మందికి పైగా రోగులపై తేలింది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొంత ఉపశమనం ఇస్తాయి. కానీ ఆర్ఎంపీ దగ్గర వారం వారం ఇంజెక్షన్ చేయించుకోవడం కిడ్నీకీ, కడుపుకీ మంచిది కాదు. శ్రీకాకుళం ఉద్దానం లాంటి చోట కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా వీటి జోలికి పోకూడదు.

ఇక యోగానా, జిమ్మా, ఈతా అన్న ప్రశ్న. దీర్ఘకాలిక నొప్పిపై 249 పరీక్షలను కలిపిన 2021 నాటి సమీక్షలో వ్యాయామం చేసినవారికి నూరు పాయింట్ల నొప్పి కొలమానంలో, చికిత్స లేనివారితో పోలిస్తే, 15 పాయింట్ల దాకా ఎక్కువ తగ్గింది. అద్భుతమేమీ కాదు, తీసిపారేసేదీ కాదు. రకరకాల వ్యాయామాల మధ్య తేడా చిన్నదే. అందుకే మానకుండా చేయగలిగింది ఏదైతే దాన్నే ఎంచుకోవడం తెలివైన పని. నడకకు అగ్రస్థానం దొరికింది అది చవక కాబట్టే. అయినా హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర ఉండేవాళ్లకు ఉన్నంత సులువు అందరికీ లేదు. ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, మే నెలలో ఏడింటికే కాల్చే ఎండ. చాలా ఊళ్లలో పొద్దున్నే ఒంటరిగా నడిచే ఆడమనిషి ఎక్కడికని అడిగినవాళ్లకల్లా జవాబు చెప్పుకుంటూ పోవాలి. 2022 లెక్కల ప్రకారం భారత్‌లో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఈ కొరత ఎక్కువ.

‘రోజంతా పనేగా, ఇంకా ఏం కదలాలి?’

నాట్లు వేసే మనిషి ఈ వ్యాసం చదివితే మొదట వచ్చే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న. కూలి పని, ఖాళీ వేళ నడక శరీరానికి ఒకే ఫలితం ఇవ్వవన్నది ఆరోగ్య పరిశోధనల్లో పదే పదే కనిపిస్తున్న వైరుధ్యం.

నడుము విషయంలో ఒక కారణం వెన్ను వెనక ఉన్న లిగమెంట్లలో, అంటే ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే పట్టీలలో ఉంది. నడుము పూర్తిగా వంచి చాలాసేపు ఉంటే వెన్ను కండరాలు ఒక దశలో పని ఆపేస్తాయి, బరువంతా లిగమెంట్ల మీద, డిస్క్ వెనక అంచు మీద పడుతుంది. రబ్బరు బ్యాండులా అవి మెల్లగా సాగుతాయి. లేచి నిలబడగానే వెంటనే బిగువుకు రావు, కొంత బిగువు రావడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. మడిలో గంటసేపు వంగి నాటిన మనిషి, గట్టు మీదికి వచ్చి అదే ఊపులో నీళ్లోడుతున్న నారు కట్ట ఎత్తితే, సాగి వదులుగా ఉన్న వెన్ను మీద బరువు పడుతుంది. నడుం పట్టేసే ముప్పు ఆ క్షణంలో ఎక్కువ. పాతిక మొక్కలకోసారి లేచి వెనక్కి వాలడం, వంగిన వెంటనే బరువు ఎత్తకుండా రెండు మూడు నిమిషాలు నిలబడడం చిన్న మార్పులే. పని గంటల లెక్కన కాకుండా ఎకరాల లెక్కన గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఆ రెండు నిమిషాలు ఎవరిస్తారన్నది వైద్యం చెప్పగల జవాబు కాదు.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లది ఇంకో రకం. బరువేమీ ఎత్తరు. చాట ఒళ్లో పెట్టుకుని, మెడ, నడుము వంచి గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. నిజానికి వీళ్ల వెన్ను అనుభవం నాట్ల కూలీ కన్నా మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి దగ్గర. ఇద్దరికీ లోపించింది మార్పు. నిటారుగా కూర్చోవడమే అన్నిటికీ పరిష్కారమని చెప్పే ఖరీదైన కుర్చీల ప్రకటనలు చెప్పని విషయం ఏమిటంటే, ఏ భంగిమైనా గంటల తరబడి ఉంటే నొప్పి తెస్తుంది. ఫోన్ వస్తే లేచి మాట్లాడడం, నీళ్ల సీసా చిన్నది పెట్టుకుని మాటిమాటికీ లేవడం కుర్చీ కన్నా చవక.

పట్టేసిన మొదటి వారం

నొప్పి ఉధృతంగా ఉంటే ఒకటి రెండు రోజులు మధ్యమధ్య పడుకోవచ్చు, రోజంతా కాదు. ఇంట్లో గదులు తిరగడం, తన పనులు తాను చేసుకోవడం మొదటి మెట్టు. తర్వాత చదునైన చోట పది నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. నడిచేటప్పుడు కొంచెం నొప్పి ఉండడం తప్పు కాదు. ఫిజియోథెరపిస్టులు వాడే ఒక సులువైన కొలత ఉంది. పెరిగిన నొప్పి మర్నాటి పొద్దుటికి మామూలుకు వస్తే నడక మోతాదు సరిపోయినట్టు, రాకపోతే సగానికి తగ్గించాలి. బరువులు ఎత్తడం, గతుకుల రోడ్డు మీద బండి ప్రయాణం కొన్నాళ్లు వాయిదా వేయవచ్చు. వేడి కాపడం హాయినిస్తే పెట్టుకోవచ్చు. ఆరు వారాలు దాటినా నొప్పి కదలకుండా ఉంటే మళ్లీ చూపించుకోవాలి.

నడవమని చెప్పకూడని నొప్పులు

మూత్రం రాకపోవడం, తెలియకుండానే మూత్రమో మలమో పడిపోవడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు లేదా పాదం బలం తగ్గిపోతుండడం. వీటిలో ఏది కనిపించినా నడకా కాదు, మంచమూ కాదు, అదే రోజు పెద్దాసుపత్రి. నరాల కట్ట నలుగుతుంటే ఆపరేషన్ ఆలస్యమైన కొద్దీ పోయిన పట్టు తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

జ్వరం, సాయంత్రపు చెమటలు, బరువు తగ్గడంతో పాటు వచ్చే వెన్నునొప్పి మన దేశంలో వెన్ను టీబీ కావచ్చు. గతంలో క్యాన్సర్ వచ్చినవారు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారు, కింద పడ్డవారు పరీక్ష చేయించుకోకుండా వ్యాయామం మొదలుపెట్టకూడదు. పాతికేళ్ల కుర్రాడికి అర్ధరాత్రి దాటాక నొప్పితో మెలకువ వచ్చి, పొద్దున గంటసేపు నడుము బిగుసుకుని, తిరిగితే సర్దుకుంటుంటే అది కీళ్లవాత జాతి నొప్పి అయ్యే అవకాశం ఉంది. దానికి కదలికతో పాటు మందులూ కావాలి.

తెలుగు నేల మీద ఇంకొకటి ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వెన్ను బిగుసుకుపోయిన మనుషులను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. తర్వాత నల్గొండ జిల్లా పేరు దేశమంతా వినబడింది. ఆ జబ్బులో లిగమెంట్లే ఎముకలా గట్టిపడతాయి, నడుము ఒకసారి బిగుసుకున్నాక నడకతో విడదు. మర్రిగూడ నుంచో, కనిగిరి నుంచో నడుము వంగని పెద్దాయన క్లినిక్‌కు వస్తే, ఎన్ని అడుగులు నడుస్తున్నారని అడిగే ముందు ఏ బోరు నీళ్లు తాగి పెరిగారని అడుగుతారు.